జర్మన్ ఆసుపత్రిలో యడాగమం

నేను నర్సుని. మాది పాలకొండ దగ్గర పల్లె. చదువు విశాఖపట్నంలో, మొదటి ఉద్యోగం సీతంపేట ఏజెన్సీలో. ఇప్పుడు జర్మనీ ఉత్తర కొసన, డెన్మార్క్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక పట్టణంలో పని చేస్తున్నాను. మా వార్డులో ఎక్కువమంది వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండి, మెల్లగా సొంత ఊపిరికి మళ్లుతున్నవాళ్లు. మిషన్‌తో ఊపిరి ఆడించడాన్ని జర్మన్‌లో బెఆట్‌ముంగ్ అంటారు. షిఫ్ట్ మారేటప్పుడు రోగుల్ని ఒప్పజెప్పే మాటల్లో ఈ మాట రాకుండా ఉండదు.

'బె' పక్కన 'ఆ' అనే అచ్చును అలా విడిగా ఎందుకు రాశానో చెప్పాలి. తెలుగులో మాట మధ్యలో అచ్చు ఒంటరిగా కూర్చోదు. ముందున్న హల్లుకు గుణింతమై అతుక్కుంటుంది, లేదంటే మధ్యలోకి ఒక 'య'నో 'వ'నో తెచ్చుకుంటుంది. జర్మన్‌వాళ్లు అలా చేయరు. 'బె' అని, ఒక్క లిప్త గొంతు మూసేసి, మళ్లీ తెరుస్తూ 'ఆట్‌ముంగ్' అంటారు. ఆ మూసి తెరిచే శబ్దాన్ని భాషాశాస్త్రంలో గ్లాటల్ స్టాప్ అంటారు. మా జర్మన్ టీచర్ దాన్ని క్నాక్‌లౌట్ అనేది. జర్మన్ అక్షరమాలలో దానికి అక్షరం లేదు. అందుకే పుస్తకం చూసి నేర్చుకునేవాళ్లకు అది కనిపించదు.

హైదరాబాద్‌లో జర్మన్ బీ1 స్థాయి వరకు చదివిన రోజుల్లో ఈ సంగతి మా చెవిన పడలేదు. అప్పటి మా టెన్షన్లు వేరు. ఏ నామవాచకానికి డెర్, దేనికి డీ, దేనికి డాస్, డాటివ్ ఎక్కడ, అక్కుజాటివ్ ఎక్కడ అన్న గొడవతోనే సరిపోయేది. జర్మనీ వచ్చాక అసలు పని మొదలైంది. ఇండియా నర్సింగ్ చదువుకు ఇక్కడ పూర్తి గుర్తింపు రావాలంటే మాకు బీ1 పై స్థాయి అయిన బీ2 కావాలన్నారు. ఆ గుర్తింపును ఆన్‌ఎర్‌కెన్నుంగ్ అంటారు. చూడండి, ఆ మాటలోనే ఒకచోట గొంతు మూయాలి. మేమంతా దాన్ని 'ఆనెర్‌కెన్నుంగ్' అనేవాళ్లం.

సాయంత్రం బీ2 క్లాసులో ఉన్నవాళ్లలో చాలామంది ఆసుపత్రుల్లో పని చేసేవాళ్లమే. అందుకని టీచర్ డాక్టర్ పేర్లతో మొదలుపెట్టింది. జర్మన్‌లో డాక్టర్‌ని ఆర్ట్స్‌ట్ అంటారు. అది అచ్చుతో మొదలయ్యే మాట. కుటుంబ డాక్టర్ హౌస్‌ఆర్ట్స్‌ట్, పళ్ల డాక్టర్ త్సాన్‌ఆర్ట్స్‌ట్, ఎమర్జెన్సీకి వచ్చే డాక్టర్ నోట్‌ఆర్ట్స్‌ట్. అతుకు ఉన్న ప్రతిచోటా గొంతు మూసి తెరవాలి. మేము చదివితే 'హౌజార్ట్స్‌ట్', 'త్సానార్ట్స్‌ట్', 'నోటార్ట్స్‌ట్' అని నున్నగా వచ్చేవి. నోటార్ అంటే జర్మన్‌లో నోటరీ. "మీరు చెప్తుంటే ముందు నోటరీ వస్తున్నాడు, ఆ తర్వాత డాక్టర్ వస్తున్నాడు" అని టీచర్ నవ్వింది. వినేవాళ్లకు అర్థం కాదని కాదు. అర్థం చేసుకోవడానికి వాళ్లకు ఒక అడుగు ఎక్కువ పడుతుంది. ఎమర్జెన్సీలో ఆ అడుగు కూడా ఎందుకు వృథా కావాలన్నది ఆమె వాదన. నాకు సబబే అనిపించింది.

కొన్నిచోట్ల అర్థమే మారుతుంది. ఫెర్‌ఐజెన్ అంటే చలితో గడ్డకట్టించడం. పులిపిరిని గడ్డకట్టించి తీసేయడానికి, స్ప్రే కొట్టి చర్మాన్ని మొద్దుబార్చడానికి ఆ మాటే వాడతారు. గొంతు మూయకుండా 'ఫెరైజెన్' అంటే అది ఊరికి వెళ్లడం అనే మాటకు దగ్గర పడుతుంది. ఈ శబ్దం గురించి ఇక్కడ అందరికీ తెలిసిన పాత జోకు ఇంకొకటి ఉంది. ఊర్‌ఇన్‌స్టింక్ట్ అంటే ఆదిమ ప్రవృత్తి. అదే అక్షరాలను వేరే చోట విడగొట్టి 'ఊరీన్ ష్టింక్ట్' అని చదివితే మూత్రం కంపు కొడుతోంది అని అర్థం. వార్డులో ఈ జోకు ఎంత బాగా పేలుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు ఇబ్బంది. గొంతు మూయడం నాకు కష్టం కాలేదు. 'బె'కీ 'ఆ'కీ మధ్య నేను 'య' అంటున్నానన్న సంగతి నా చెవికే వినిపించకపోవడం కష్టమైంది. నేను శుభ్రంగా 'బెఆట్‌ముంగ్' అంటున్నాననే అనుకునేదాన్ని. ఫోన్‌లో రికార్డు చేసి, వేగం తగ్గించి వింటే 'బెయాట్‌ముంగ్' అని స్పష్టంగా ఉంది. రోగిని గమనించడం మా నర్సింగ్‌లో పెద్ద పాఠం. గమనించడాన్ని బెఓబాఖ్‌టెన్ అంటారు. అది నా నోట 'బెవోబాఖ్‌టెన్' అయ్యేది. ఒకచోట య, ఒకచోట వ.

ఇవి ఎక్కడివో అప్పుడు తట్టింది. బడిలో బట్టీ పట్టిన యడాగమ సంధి! మా ప్లస్ అమ్మ ఈజ్ ఈక్వల్ టు మాయమ్మ. మీ ప్లస్ ఇల్లు మీయిల్లు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం రాశాడంటే తెలుగు నోళ్లు అప్పటికే చేస్తున్న పనికి పేరు పెట్టాడన్నమాట. రెండు అచ్చులు పక్కపక్కన పడితే మనం మధ్యలో సందు ఉంచం. మాట మొదట్లో కూడా అంతే. రాసేది 'ఎక్కడ', మా వైపు పలికేది 'యెక్కడ'. రాసేది 'ఒకటి', పలికేది 'వొకటి'. ఖాళీ కనిపిస్తే తెలుగు నోరు య, వలతో నింపుతుంది. జర్మన్ నోరు గొంతు మూసి నింపుతుంది. నింపకుండా ఎవరూ ఉండటం లేదు, సామాను వేరు, అంతే.

అది తెలిశాక ఎక్కడ చూసినా అదే కనిపించింది. హవాయి దీవుల పేరునే తీసుకోండి. ఆ భాషలో చివరి 'ఇ' ముందు గొంతు మూయాలి, హవాఇ అన్నమాట. వాళ్ల అక్షరమాలలో 13 అక్షరాలు. అందులో ఈ శబ్దానిది ఒకటి. దాని పేరు ఓకినా, తలకిందులైన కామాలా రాస్తారు. మన భూగోళం పుస్తకంలోకి వచ్చేసరికి అక్కడ 'యి' చేరిపోయింది. మా ఇంట్లో ఆదివారం గుడికి వెళ్లే అలవాటు. సమూయేలు, ఇశ్రాయేలు, ఇష్మాయేలు అని చిన్నప్పటి నుంచి చదివిన పేర్లే. హీబ్రూలో ఆ 'ఏలు' ముందున్నది ఆలెఫ్ అనే అక్షరం. ప్రాచీన హీబ్రూలో ఆలెఫ్ పలికేది ఈ గొంతు మూత శబ్దాన్నే. తెలుగు బైబిల్లో అక్కడంతా 'యే' వచ్చింది. అరబ్బీ పేరును ఇస్మాయిల్ అని రాసేటప్పుడూ అదే జరుగుతుంది, అక్కడ అసలులో ఉన్నది మాత్రం ఐన్ అనే వేరే గొంతు హల్లు. ఇన్ని పేర్లను ఇంత చక్కగా తెలుగు చేసుకున్న నోటిని ఇప్పుడు నేను జర్మన్ కోసం మానమని అడుగుతున్నాను. కాస్త టైమ్ పడుతుంది కదా మరి.

క్లాసులో అందరికీ నా ఇబ్బంది లేదు. డమాస్కస్ నుంచి వచ్చిన ఫార్మసిస్ట్ ఒకాయన ఉండేవాడు. అరబ్బీలో ఈ గొంతు మూతను హమ్జా అంటారు, అది వాళ్లకు చిన్నప్పుడే అక్షరంతో సహా వస్తుంది. పైగా డమాస్కస్ మాటతీరులో 'ఖాఫ్' అనే అక్షరం కూడా హమ్జాగా మారిపోతుందట. పుస్తకంలో కాఫీ 'ఖహ్వా' అయితే ఇంట్లో 'అహ్వె', గుండె 'ఖల్బ్' అయితే ఇంట్లో 'అల్బ్'. ఆ 'అ' మామూలు అకారం కాదు, గొంతు టక్కుమని తెరుచుకునే 'అ'. టీచర్ ఇలా చెప్పడం, ఆయన అలా అనేయడం. ఫిలిప్పీన్స్ నర్సు ఒకామె ఉండేది. వాళ్ల టగాలోగ్‌లో 'బాత' అని ఊరికే అంటే మీద వేసుకునే గౌను, అదే మాట చివర గొంతు మూసేస్తే పిల్లవాడు. మామూలుగా రాసేటప్పుడు రెండిటికీ ఒకే స్పెల్లింగ్. ఝార్ఖండ్‌లోని ఖూంటీ నుంచి వచ్చిన అమ్మాయి మాతృభాష ముండారీ. ఆమెకూ ఇది పుట్టుకతో వచ్చిన విద్యే. మిగిలింది నేను, కోట్టయం నుంచి వచ్చిన చేచి, అంటే మలయాళంలో అక్క. మలయాళంలోనూ య, వలు మనలాగే దూరతాయి. ఇద్దరం ఒకే బెంచీ, ఒకే జబ్బు.

టీచర్ చేయించిన మొదటి కసరత్తు చాలా చిన్నది. "మీ భాషలో నోరు తెరవకుండా 'కాదు' ఎలా అంటారు?" అని ఒక్కొక్కరినీ అడిగింది. నాకు వచ్చింది 'ఉఁ ఉఁ'. దాన్నే రెండుసార్లు అనమంది, మెడ మీద వేలు పెట్టుకోమంది. రెండు 'ఉఁ'ల మధ్య వేలి కింద ఏదో ఆగి మళ్లీ కదిలింది. చంటిపిల్ల పొయ్యి దగ్గరికి పోతుంటే మనం 'అఁ! అఁ! అఁ! ముట్టుకోకు' అంటాం చూడండి, అక్కడైతే ఇంకా గట్టిగా తెలుస్తుంది. అంటే తెలుగు గొంతుకు ఈ విద్య వచ్చు. మాటల్లోకి రానివ్వదు, గదమాయింపులకూ కాదనడాలకూ మాత్రం వాడుతుంది. లండన్ వాళ్లు 'వాటర్'లో 'ట' మింగేసి 'వాఅ' అన్నప్పుడు వినిపించేది కూడా ఇదే. సినిమాల్లో ఎన్నిసార్లు విన్నా అది ఒక శబ్దమని నాకు తోచలేదు, ఒక అక్షరం పోయిందనే అనుకున్నాను.

ఆ తర్వాత నోట్‌బుక్‌లో రాసుకునే పద్ధతి మార్చాను. నాకు బాగా పని చేసిన చిట్కా ఇదే. కొత్త జర్మన్ మాటను తెలుగులో రాసుకునే అలవాటు నాకు ఎప్పటి నుంచో ఉంది. రక్తం తీయడాన్ని 'బ్లూటాబ్‌నామె' అని రాసుకునేదాన్ని. రాసింది అలా ఉంటే పలికేది ఇంకెలా ఉంటుంది? గుణింతం వేయకుండా 'బ్లూట్‌ఆబ్‌నామె' అని అచ్చును అచ్చుగానే ఉంచి రాయడం మొదలుపెట్టాను. ఊపిరి పీల్చడం ఐన్‌ఆట్‌మెన్, వదలడం ఔస్‌ఆట్‌మెన్. చేతి పైభాగం ఓబర్‌ఆర్మ్, కింది భాగం ఉంటర్‌ఆర్మ్. ఎమర్జెన్సీ విభాగం నోట్‌ఔఫ్‌నామె. మాట మధ్యలో అచ్చు కనపడగానే కంటికి ఎబ్బెట్టుగా తగులుతుంది, ఆ తగిలిన చోట గొంతు ఆగుతుంది. జర్మన్ లిపి చేయని సాయం తెలుగు లిపి చేసింది.

నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మాత్రం క్లాసులో కాదు, వార్డులో.

మా దగ్గర ట్రకియాస్టమీ చేసినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గొంతు కింది భాగంలో రంధ్రం చేసి ట్యూబు పెడతారు. గాలి ఆ ట్యూబులోంచే వస్తుంది, పోతుంది. స్వరపేటిక దానికి పైన ఉంటుంది కాబట్టి స్వరతంత్రుల దాకా గాలి వెళ్లదు. గొంతు ఉన్నా మాట రాదు. దగ్గు కూడా సరిగ్గా రాదు. దగ్గాలంటే ముందు స్వరతంత్రులు రెండూ గట్టిగా మూసుకోవాలి, కింద ఛాతీలో గాలి ఒత్తిడి పెరగాలి, అప్పుడు అవి ఒక్కసారిగా తెరుచుకోవాలి. గ్లాటల్ స్టాప్ అంటే అచ్చంగా ఈ పనే, చాలా చిన్న మోతాదులో. నర్సింగ్ కాలేజీలో స్వరపేటిక బొమ్మ ఎన్నిసార్లు గీశానో! అది ఒక భాషలో హల్లు కూడా కాగలదని అప్పుడు తెలియదు.

రోగి కాస్త తేరుకున్నాక ట్యూబు చుట్టూ ఉన్న బెలూన్‌లోంచి గాలి తీసేసి, ట్యూబు మూతికి స్పీకింగ్ వాల్వ్ పెడతారు. గాలి లోపలికి ట్యూబులోంచి వెళ్తుంది, బయటికి మాత్రం పైనుంచి, స్వరతంత్రుల మధ్య నుంచి రావాలి. వారాల తర్వాత మొదటిసారి ఆ దారిన గాలి వస్తుంది. ఆ సమయంలో పక్కన స్పీచ్ థెరపిస్ట్ ఉంటుంది. ఇక్కడ వాళ్లను లోగోపేడిన్ అంటారు. బొంగురుగా, తడిగా ఉన్న గొంతు వింటే చాలు, ఉమ్మి స్వరతంత్రుల మీద నిలిచి ఉందని ఆమె పట్టేస్తుంది. దగ్గమంటుంది. తర్వాత 'ఆ' అనమంటుంది. మూత బలహీనంగా ఉంటే 'ఆ' గాలిగాలిగా, మొదలు లేకుండా వస్తుంది. అలాంటివాళ్ల చేత రెండు అరచేతులూ ఒకదానికొకటి గట్టిగా నొక్కించి, ఆ నొక్కుతోనే 'ఆ!' అనిపిస్తుంది. బరువు ఎత్తేటప్పుడు, నెట్టేటప్పుడు మన గొంతు దానంతటదే మూసుకుంటుంది కదా, ఆ మూత మీద అచ్చును ఎక్కిస్తుందన్నమాట.

ఒక పెద్దాయనకు ఈ కసరత్తు చేయిస్తున్నప్పుడు నేను మంచానికి ఇవతల వైపు నిలబడి ఆయన భుజం పట్టుకున్నాను. ఆయన చేతులు నొక్కి 'ఆ!' అన్నాడు. నేను కూడా, నోట్లోనే, 'ఆ!' అన్నాను. లోగోపేడిన్ నా వైపు చూసింది. బయటికి వచ్చాక నా జర్మన్ క్లాసు కథంతా చెప్పాను. ఆమె అప్పటికే నా 'బెయాట్‌ముంగ్' వినే ఉంది, మర్యాదకు ఎప్పుడూ అనలేదట. బ్రేక్ టైమ్‌లో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి 'బె' అనిపించి, ఆపించి, చేతులు నొక్కించి 'ఆట్' అనిపించింది. ఆ తర్వాత నొక్కు తగ్గించమంది. ఇంకా తగ్గించమంది. చివరికి చేతులు ఊరికే ఒళ్లో ఉన్నాయి, గొంతు మాత్రం ఆ చోట ఆగింది. మధ్యలో 'య' లేదు. నాకు వినిపించింది కూడా. చెవికి ముందు గొంతుకు తెలిసింది, గొంతు చెవికి చెప్పింది. నేను ఊహించింది దీనికి తలకిందులుగా ఉండేది.

అయితే టీచర్‌కీ లోగోపేడిన్‌కీ ఈ విషయంలో పడేది కాదు, వాళ్లిద్దరూ ఒకరినొకరు చూడకపోయినా. టీచర్‌కు క్నాక్‌లౌట్ టక్కుమని వినిపించాలి. లోగోపేడిన్ మాత్రం రోజంతా ప్రతి అచ్చునూ కొట్టినట్టు పలికితే స్వరతంత్రులు అలిసిపోతాయంటుంది. గొంతు పోయి ఆమె దగ్గరికి వచ్చే బడి టీచర్లకు ఆమె నేర్పేది అచ్చును మెత్తగా మొదలుపెట్టడమేనట. నేను ఇద్దరి మాటా విన్నాను. పరీక్షకు టీచర్ మాట, డ్యూటీకి లోగోపేడిన్ మాట.

నడుమ కొన్నాళ్లు శ్రుతి మించింది. అచ్చు కనిపిస్తే చాలు ఆగిపోయేదాన్ని. ఇంటికి ఫోన్ చేసినా తెలుగులో కూడా అలాగే వస్తోంది. 'మా' అని ఆగి 'అమ్మ' అంటుంటే మా అమ్మ, "ఏటే, మాట మజ్జిన అలగ ఆగిపోతన్నావు? ఎక్కిళ్లొస్తన్నాయా? కాసిన్ని నీళ్లు తాగు" అంది. క్లాసులో టీచర్ కూడా అప్పుడే రెండో పాఠం మొదలుపెట్టింది. జర్మన్‌వాళ్లు కూడా అన్నిచోట్లా ఆగరు. లోపలికి రండి అనడానికి వాడే హెరైన్‌లో ఆగరు. హినౌఫ్, డారౌఫ్, ఎందుకు అనే వారుమ్, ఒకరినొకరు అనే ఐనాండర్, వీటన్నిటిలో లోపల అచ్చుతో మొదలయ్యే ముక్క ఉన్నా అవి ఎప్పుడో కలిసిపోయి ఒకే మాటలయ్యాయి. వేగంగా మాట్లాడేటప్పుడు చిన్న చిన్న మాటల్లోనూ మూత జారిపోతుంది. 'హాబ్ ఇఖ్' అని రాసినా వినిపించేది 'హాబిఖ్'. ఎక్కడ ఆగాలో నేర్చుకోవడం కంటే ఎక్కడ ఆగకూడదో నేర్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది. దానికి సూత్రం కంటే వినికిడే దారి. షిఫ్ట్‌లో తోటివాళ్లు మాట్లాడుతుంటే మాట అర్థాన్ని పక్కన పెట్టి అతుకుల్ని మాత్రమే వినేదాన్ని.

అలా వింటుంటే డేనిష్ మాట్లాడే మా తోటి నర్సు మాటల్లో ఇంకోటి దొరికింది. సరిహద్దుకు ఇవతల కూడా డేనిష్ కుటుంబాలు ఉంటాయి. వాళ్ల భాషలో 'హున్' అంటే ఆమె. అదే 'హున్'ను గొంతు బిగించి అంటే కుక్క. దాన్ని స్టోడ్ అంటారు. అక్కడ గొంతు పూర్తిగా మూసుకోదు, బిగుసుకుని గరగరమంటుంది. నన్ను అనమంది, నేను అన్నాను, ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్విందంటే ఏ అర్థం వచ్చి ఉంటుందో ఊహించుకుని ఆ ప్రయోగం అక్కడితో ఆపేశాను.

బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కోదానిలో 100కి 60 రావాలి. మాట్లాడే పరీక్షలో ముందు ఒక విషయం మీద చిన్న ప్రసంగం చేయాలి, తర్వాత పక్కనున్న అభ్యర్థితో చర్చించాలి. ఉచ్చారణకు కూడా మార్కులు ఉంటాయి. పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాసయ్యాను. నాతో చర్చకు కూర్చున్న అబ్బాయి టర్కీవాడు, చాలా వేగంగా మాట్లాడాడు, ఆ కంగారులో నా క్నాక్‌లౌట్లు సగం ఎగిరిపోయాయి. అయినా ఏం కాలేదు. ఒక్క గొంతు మూత రాలేదని ఎవరినీ ఫెయిల్ చేయరు. కొత్తగా వచ్చేవాళ్లు దీన్ని చదివి దిగులు పడకూడదని చెప్తున్నాను.

ఇంకో సంగతి. మ్యూనిక్‌లో పని చేసే తెలుగు అక్క ఒకామె నా కథ విని, "మా దగ్గర పేషెంట్లే అలా విడగొట్టి మాట్లాడరు, నువ్వెందుకే అంత అవస్థ పడ్డావు?" అంది. నిజమే. దక్షిణాది యాసల్లో, స్విట్జర్లాండ్ జర్మన్‌లో మాటలు చాలావరకు కలిసిపోతూనే ఉంటాయి. నేను ఉత్తరాన పడ్డాను కాబట్టి నాకు ఇది పాఠమైంది. ఉత్తరాదివాళ్లది శుద్ధమైన జర్మన్, మిగతాది కాదు అనే మాటను నేను నమ్మను. గిడుగు రామమూర్తి గారి జిల్లా నుంచి వచ్చినదాన్ని, అలాంటివి నమ్మితే బాగుండదు.

ఈ శబ్దం జర్మనీలో రాజకీయం కూడా అయింది, అది వినే చెవి వచ్చాకే నాకు అర్థమైంది. కొలేగిన్నెన్ అంటే తోటి ఉద్యోగినులు. దాన్నే కొలేగ్‌ఇన్నెన్ అని మధ్యలో గొంతు మూసి అంటే ఆడవాళ్లు, మగవాళ్లు, రెండు గడుల్లోనూ ఇమడనివాళ్లు, అందరూ వస్తారు. రాతలో అక్కడ నక్షత్రం గుర్తో రెండు చుక్కలో పెడతారు. టీవీలో కొందరు యాంకర్లు అలా పలుకుతారు, కొందరు పలకరు. బవేరియా ప్రభుత్వం తన ఆఫీసుల్లో, బడుల్లో రాతలో ఆ గుర్తులు వాడకూడదని 2024లో నిషేధించింది. మా బ్రేక్ రూమ్‌లో దీని మీద వాదన మొదలైతే కాఫీ చల్లారిపోవాల్సిందే. నా మట్టుకు నాకు ఆ పలుకు నచ్చింది. అంత కష్టపడి నేర్చుకున్న శబ్దానికి ఒక ఉద్యోగం దొరికిందన్న పక్షపాతం కూడా ఉందేమో!

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు సీతంపేట వెళ్లాను. 2022లో జిల్లాలు మారాక అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. నేను అక్కడ పని చేసిన రోజుల్లో సవర తెగ పేషెంట్లు రోజూ వచ్చేవారు. వాళ్ల మాటలు నాకు తెగి తెగి వినిపించేవి, నీరసం వల్లనో మొహమాటం వల్లనో అనుకునేదాన్ని. సవర కూడా ముండారీలాగే ముండా కుటుంబానికి చెందిన భాషే. అందులో ఈ గొంతు మూత మాటలో భాగం. అప్పటి నా స్నేహితురాలు ఏఎన్ఎంగా చేస్తోంది, ఆమె సవర. నీళ్లను ఏమంటారని అడిగాను. 'డాఅ' అంది. ఒకే మాట, నడుమ గొంతు మూసుకుని తెరుచుకుంది. నేను అన్నాను. "అంత కొట్టకు అక్కా, మెత్తగా అను" అంది. మళ్లీ లోగోపేడిన్ మాటే!

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ ఈ భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వాడుక తెలుగు గురించి ఉపన్యాసాలు చెప్పుకుంటాం. సవర కోసం ఆయన పెట్టిన చెవి గురించి మా బడిలో ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు. ఫోన్‌లో రికార్డు చేసి పదిసార్లు తిప్పి వింటేగానీ నా నోటిలోని 'య' నాకు పట్టుబడలేదు. ఆయనకు ఉన్నవి చెవులు, కాగితం.

స్నేహితురాలి దగ్గర కూర్చుని కొన్ని సవర మాటలు నా పద్ధతిలో, నడిమధ్య అచ్చు పెట్టి, రాసుకున్నాను. నడుమ వచ్చే మూతకు ఆ పద్ధతి సరిపోయింది. మాట చివర వచ్చే మూత దగ్గర మాత్రం చిక్కొచ్చింది. తర్వాత అచ్చేదీ లేనప్పుడు అచ్చును ఎక్కడ పెట్టను? ఫిలిప్పీన్స్ ఆమె 'బాత' దగ్గరా నోట్‌బుక్‌లో ఇదే ఖాళీ ఉండిపోయింది. ఖూంటీ అమ్మాయికి వాట్సాప్ చేశాను. ముండారీని వాళ్లు దేవనాగరిలో రాసేటప్పుడు విసర్గ పెడతారట. నీళ్లు 'దాః', ఇల్లు 'ఓడాః'. పలికేది 'హ' కాదు, గొంతు మూసేసి అక్కడే వదిలేయడం.

విసర్గ మనకూ ఉంది. దుఃఖం, అంతఃపురం లాంటి కాసిన్ని సంస్కృత మాటలు తప్ప దానికి తెలుగులో పెద్ద పని లేదు. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో నడుమ మూతకు అచ్చు, చివరి మూతకు విసర్గ. ఈ మధ్య కొత్తగా చేరిన విజయనగరం అమ్మాయికి కూడా ఇలాగే రాసిచ్చాను. "బెఆట్‌ముంగ్ ఏమిటక్కా, స్పెల్లింగ్ తప్పు రాశారు" అంది. తప్పు కాదు, అలాగే చదువు అన్నాను.